ఇంజను ఏల ఆగినది?

అనంతపురము జిల్లాలో సంవత్సరమంతయు కలిపి కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదియైనను ఒక వరుసగా కురియదు. జూన్, జూలై మాసములలో పడిన పదునును నమ్ముకొని రైతు ఎఱ్ఱనేలలో వేరుసెనగ విత్తును. ఆపై ఆకాశమువైపు చూచుచు దినములు లెక్కించును. వాన మొగము చాటువేసిన ఆ దినములలోనే ఆకుముడత పురుగు బలియును. ఆకు పొరల నడుమ దూరి పచ్చదనమును తినివేయు ఈ చిన్న పురుగు విజృంభించినచో, దూరమునుండి చూచువారికి చేను నిప్పునకు మాడినట్లు కనబడును. తొలివానల వెంట వచ్చు ఎఱ్ఱ గొంగళిపురుగు మఱియొక శత్రువు. అది ఒక చేనిని ముగించి, దండుకట్టి ప్రక్కచేనికి నడచును. అట్టి వేళ మందు చల్లుటకు రైతునకు దొరకు గడువు రెండుమూడు దినములే.

పూర్వము చేతితో కొట్టు పంపుతో ఈ పని జరుగుచుండెను. నేడు పల్లెలలో తైవాన్ స్ప్రేయరు అని పిలువబడు యంత్రము వాడుకలోనికి వచ్చినది. వీపునకు తగిలించుకొను ట్యాంకు, దాని అడుగున ఒక చిన్న పెట్రోలు ఇంజను, ప్రక్కన మందు చిమ్ము గొట్టము: ఇంతియే దాని స్వరూపము. ఎకరమునకు సుమారు 200 లీటర్ల మందునీరు పట్టును. ట్యాంకులో ఒక్కసారికి పట్టునది 20 లీటర్లు. ఐదెకరముల రైతు ఏబది మార్లు ట్యాంకు నింపి, వీపున మోసి, చేనంతయు తిరుగవలయును. ఆ నీరు సైతము ఎచటి బోరుబావినుండియో బండిపై తెచ్చుకొన్నదే. ఇట్టి పనిలో రెండవ ట్యాంకు వద్దనే ఇంజను ఆగిపోయి, ఎంత త్రాడు లాగినను పలుకకున్నచో ఆ రైతు మనఃస్థితి ఎట్లుండునో ఊహింపుడు. పురుగు ఆగదు, కలిపిన మందు మఱునాటికి పనికిరాదు, కూలివాని దినము వ్యర్థమగును.

ఇంజను ఏల ఆగునో, ఆగినపుడు దాని కారణమును ఎట్లు పట్టుకొనవలయునో ఈ పాఠమున తెలిసికొందము.

ముందుగా ఒక వినోదమును చెప్పెదను. జపాను, జర్మనీ, అమెరికా మొదలగు దేశములలో పెద్దలు సైతము ఆడుకొను బొమ్మకారు ఒకటి కలదు. నిజమైన కారులో ఐదవ వంతు ప్రమాణమున దానిని నిర్మింతురు. పొడవు మూరన్నరకు పైన. బరువు పది కిలోలకు మించును. దూరముగా నిలిచి చేతిలోని చిన్న పెట్టెనుండి రేడియో తరంగములను పంపుచు దానిని నడుపుదురు. గంటకు 60 కిలోమీటర్లకు మించిన వేగమున అది దుమ్ము రేపుచు పరుగెత్తును. దానిలోని ఇంజను ఎట్టిదనుకొన్నారు? 23 మొదలు 32 ఘనసెంటీమీటర్ల లోపలి టూ స్ట్రోకు పెట్రోలు ఇంజను. జపాను దేశపు జెనోవా సంస్థ గడ్డికోత యంత్రముల వంటి వానికై చేసిన ఇంజనులే కొలదిపాటి మార్పులతో ఈ కార్లలోనికి వచ్చినవి. అనగా మన చేనిలో మందు చల్లు యంత్రమును, సముద్రములకు ఆవల ఆటస్థలమున ఎగిరిపడు బొమ్మకారును నడపునది ఒకే జాతి ఇంజను. రెండును ఒకే కారణములచేత ఆగును. ఆ కారు యజమానులు దుమ్మునకు జడిసి ఫిల్టరును కడిగికొను తీరు చూచినచో, వారు మన కణేకల్లు ప్రాంతమున పుట్టి పెరిగినవారేమో యనిపించును.

టూ స్ట్రోకు ఇంజను నూఱేండ్లకు పైబడిన వస్తువు. జర్మనీలో నికోలస్ ఆటో 1876 లో నాలుగు స్ట్రోకుల ఇంజనును నడిపి చూపెను. అందులో పిస్టను రెండు మార్లు పైకి, రెండు మార్లు క్రిందికి కదలినగాని ఒక్కసారి మంట పుట్టదు. ఆ నాలుగు కదలికల పనిని రెంటితో ముగింపవచ్చునని స్కాట్లండు దేశీయుడైన డ్యూగాల్డ్ క్లార్కు 1881 లో పేటెంటు పొందెను. అయితే ఆతని ఇంజనులో వాయువును నెట్టుటకు వేఱొక పంపు కావలసివచ్చినది. ఇంగ్లండులోని బాత్ నగరమున జోసెఫ్ డే అను ఇంజనీరు 1890 ప్రాంతమున ఆ పంపును తీసివేసి, ఇంజను క్రిందిభాగమునే పంపుగా చేసెను. నేటి చిన్న ఇంజనులన్నియు డే చూపిన బాటనే నడచుచున్నవి. మన దేశమున మోపెడ్లు, స్కూటర్లు చాలకాలము ఈ ఇంజనుతోనే తిరిగినవి. హోసూరులో తయారై 1980 లో వెలువడిన టీవీయస్ 50 ని మీ తాతలు తప్పక ఎరిగియుందురు. కాలుష్య నియమములు కఠినమైన కొలది, విశేషించి 2020 ఏప్రిలు 1 తరువాత, క్రొత్త వాహనములలో టూ స్ట్రోకు ఇంజను దాదాపు కానరాకుండ పోయినది. వీపున మోయు యంత్రములలో, చెట్లు కోయు రంపములలో మాత్రము అది ఇంకను మిగిలియున్నది. తేలిక, చవుక, విప్పి చూచిన లోపల కదలు భాగములు మూడే: పిస్టను, దానిని పట్టుకొన్న కడ్డీ, క్రాంకు.

దీని పని తెలియవలెనన్న కమ్మరి కొలిమితిత్తిని తలచుకొనుడు. తిత్తి తెఱచుకొన్నపుడు గాలిని పీల్చును. ముడుచుకొన్నపుడు కొలిమిలోనికి ఊదును. టూ స్ట్రోకు ఇంజనులో పిస్టనుకు క్రిందనున్న గది, అనగా క్రాంకు కేసు, అట్టి తిత్తియే. పిస్టను పైకి పోవునపుడు క్రింది గదిలో ఖాళీ ఏర్పడి, కార్బురేటరు నుండి పెట్రోలు ఆవిరితో కలిసిన గాలిని పీల్చుకొనును. అదే సమయమున పిస్టను పైనున్న గదిలోని పాత గాలి అణగద్రొక్కబడును. అంతట ప్లగ్గు వద్ద నిప్పురవ్వ పుట్టి మంట లేచును. ఆ మంట పిస్టనును క్రిందికి నెట్టును. పిస్టను దిగుచుండగా ప్రక్కగోడలోని రంధ్రము తెఱచుకొని పొగ సైలెన్సరులోనికి పోవును. వెనువెంటనే మఱియొక రంధ్రము తెఱచుకొని, క్రింది గదిలో నొక్కబడియున్న క్రొత్త గాలి పైకి ఎగసి ఆ చోటును ఆక్రమించును. ఒక్క చుట్టులో ఇదంతయు జరిగిపోవును. బొమ్మకారు ఇంజను నిమిషమునకు పదివేల చుట్లకు మించి తిరుగును. మీ నాడి ఒక్కసారి కొట్టుకొనులోపల ఈ వృత్తాంతము నూఱుమార్లకు పైగా జరిగినదన్నమాట!

ఈ వివరణమునుండి రెండు సంగతులు గ్రహింపవలయును. తిత్తికి చిల్లుపడిన కొలిమి మండనట్లే, క్రాంకు కేసుకు ఎచటనైనను గాలి చొరబడు సందు కలిగినచో ఇంజను సరిగా నడువదు. రెండవది: క్రింది గదిలో పెట్రోలు గాలి తిరుగుచుండును గనుక, నాలుగు స్ట్రోకుల ఇంజనులో వలె అచట నూనె నిలువయుంచుటకు వీలులేదు. అందుచేత కందెనను పెట్రోలులోనే కలిపి పోయవలయును. ఇంజనుకు ఆహారమును, ఔషధమును ఒకే గ్రుక్కలో అందుచున్నది. ఆహారము తగ్గినచో ఔషధమును తగ్గును. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు. ముందు దీనితో పనియున్నది.

ఇంజను నడచుటకు మూడే కావలయును: తగుపాళ్ళలో గాలి పెట్రోలు, సమయమునకు నిప్పురవ్వ, పిస్టను పైన తగినంత ఒత్తిడి. ఇంజను ఆగినదన్న ఈ మూటిలో ఒకటి లోపించినదని అర్థము. వినుటకు సులభముగానున్నది. కాని మనవారు చేయునదేమి? ఇంజను ఆగగానే స్క్రూడ్రైవరు చేతబట్టుకొని కార్బురేటరు మరలను త్రిప్పుదురు. నిన్నటిదాక చక్కగా నడచిన ఇంజనులో మర తనంతట తాను తిరిగినదా? ఆ ఆలోచన కలుగదు. చేతికందునది అదియే గనుక దానినే త్రిప్పుదురు.

మా గ్రామమున ఇట్టి ఇంజనులను బాగుచేయు ఒక వృద్ధుడైన మేస్త్రి యుండెడివాడు. ఆతని పని చూచుట నాకు ఇష్టము. ఒక శ్రావణమాసమున ఒక రైతు స్ప్రేయరును మోసికొని ఆతని కొట్టమునకు వచ్చెను. అప్పటికే ఆ రైతు క్రొత్త ప్లగ్గు కొని బిగించియుండెను. మరలను అటు నిటు త్రిప్పియుండెను. మేస్త్రి పనిముట్ల పెట్టె తెఱవలేదు. యంత్రమును ముట్టుకొనలేదు. అరుగుపై కూర్చుండి ప్రశ్నలడుగ నారంభించెను.

"ఎప్పుడు నిలిచిపోతాదప్పా? వేగం పెంచినప్పుడా, నిదానంగా ఉన్నప్పుడా?"

"వేగమూ లేదు, నిదానమూ లేదు మేస్త్రీ. పావుగంట బాగానే ఆడుతాది. ఆమీద గొంతు పట్టినట్లయి నిలిచిపోతాది."

"నిలిచేముందు అరుస్తాదా, మూలుగుతాదా?"

రైతు కొంచెము ఆలోచించెను. "అరుస్తాది. ఉన్నట్లుండి కీచుమని అరిచి పడిపోతాది."

"మళ్ళా ఎంతసేపటికి లేస్తాది?"

"గట్టున పెట్టి రెండు చాళ్ళు కలుపు తీసుకొని వస్తే లేస్తాది. మళ్ళా పావుగంటకు అదే కత."

మేస్త్రి ఇంజనును నడిపించి, ఏమియు చేయక కూర్చుండెను. పావుగంటకు రైతు చెప్పినట్లే అది కీచుమని అరచి ఆగెను. వెంటనే మేస్త్రి పెట్రోలు ట్యాంకు మూతను కొంచెము వదులు చేసెను. బుస్సుమని గాలి లోనికి పోయిన చప్పుడు మాకందఱకు వినబడెను. మూత మఱల బిగించి త్రాడు లాగగా రెండవ లాగుకే ఇంజను పలికెను. చూడగా మూతలోని సన్నని గాలిరంధ్రము దుమ్మును నూనెయు కలిసి ముద్దకట్టి మూసికొనిపోయియుండెను.

విద్యార్థులారా! టెంకాయకు ఒక్క కన్ను మాత్రమే పొడిచి నీరు వంపి చూడుడు; నాలుగు చుక్కలు రాలి ఆగిపోవును. రెండవ కన్ను పొడిచినగాని ధార కట్టదు. పెట్రోలు ట్యాంకు స్థితియు అంతియే. పెట్రోలు బయటికి పోయిన మేరకు గాలి లోనికి రావలయును. రానిచో లోపల ఖాళీ ఏర్పడి పెట్రోలును వెనుకకు లాగిపట్టును. యంత్రమును కొంతసేపు ప్రక్కన పెట్టినచో సందులగుండ గాలి మెల్లమెల్లగా చేరుకొని ఇంజను మఱల లేచును. ఆ రైతు అది వేడెక్కి ఆగుచున్నదని, చల్లారిన తరువాత లేచుచున్నదని భ్రమించెను. ఇగ్నిషను కాయిలు చెడినను ఇదే విధముగా వేడికి ఆగి, చల్లారిన పిదప లేచును గనుక ఆ భ్రమ నిష్కారణమైనది కాదు. రెంటికిని భేదము తెలిసికొను ఉపాయము మేస్త్రి చేసినదే: ఆగిన క్షణముననే మూత వదులు చేసి చూచుట. లేచినచో దోషము మూతది. లేవనిచో, ఇంజను చల్లారక ముందే రవ్వ వచ్చుచున్నదో లేదో పరీక్షింపవలయును. చల్లారిన తరువాత పరీక్షించిన కాయిలు నిర్దోషివలెనే కనబడును.

మూతను బాగుచేయుటకు మేస్త్రికి పట్టినది రెండు నిమిషములు. రైతు త్రిప్పివేసిన మరలను తిరిగి సరిచేయుటకు అరగంట పట్టినది.

ఆతడు "అరుస్తాదా, మూలుగుతాదా" అని యేల అడిగెనో వివరించెదను. పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైనపుడు ఇంజను ఆగబోవు ముందు వేగము పెరిగి కీచుమని అరచును. పెట్రోలు ఎక్కువై గాలి చాలనపుడు గుడగుడమని మూలుగుచు, నల్లని పొగ కక్కుచు నెమ్మదిగా చచ్చును. ఈ రెంటిలో మొదటిది ప్రమాదకరము. పెట్రోలుతోడనే నూనెయు వచ్చునని పైన చెప్పితిని గదా! పెట్రోలు తగ్గిన ఇంజనుకు నూనెయు తగ్గును, వేడి హెచ్చును. పిస్టను ఉబ్బి సిలిండరు గోడను గీచికొని బిగుసుకొనిపోవును. ఇంజను పట్టివేసినదని మేస్త్రీలు చెప్పునది దీనినే. అందుచేత యాక్సిలరేటరు త్రిప్పకుండగనే వేగము తనంతట పెరిగినచో, ఆ ట్యాంకు మందు ముగియునని చూడక వెంటనే ఇంజనును ఆపవలయును. మూలుగు ఇంజను మసిబాఱునే గాని చావదు.

అరపునకు కారణములు మూత ఒక్కటియే కాదు. ట్యాంకులోపల పెట్రోలు పీల్చు మెత్తని గొట్టము ఎండి పగిలియుండవచ్చును; అపుడు ట్యాంకు నిండుగనున్నంతసేపు ఇంజను నడచి, సగమునకు దిగగానే గొట్టము చీలిక బయటపడి గాలిని పీల్చును. సగము ట్యాంకు వద్దనే ఎల్లప్పుడును ఆగు ఇంజనును చూచినచో ఈ గొట్టమునే మొదట అనుమానింపవలయును. గొట్టము కొననున్న ఫిల్టరు చెత్తతో పూడియుండవచ్చును. కార్బురేటరును ఇంజనుకు బిగించు మరలు అదురునకు వదులై ఆ సందున గాలి చొరబడవచ్చును. అన్నిటికంటె దుర్గ్రహమైనది క్రాంకు కేసు ఆయిల్ సీలు అరిగి తిత్తికి చిల్లుపడుట. దీనిని మేస్త్రికి విడిచిపెట్టుట మేలు.

మూలుగునకు ముఖ్యకారణము మన జిల్లాలో ఒక్కటే: దుమ్ము. ఎయిర్ ఫిల్టరు పూడినచో గాలి చాలదు. నైరుతి ఋతుపవన కాలమున ఇచట వాన తక్కువైనను గాలి బలమైనది. రామగిరి కొండలపై గాలిమరలు నిలిపినది అందులకే గదా! కణేకల్లు, బొమ్మనహాళు ప్రాంతములలో వేదవతీ నది ఇసుక ఆ గాలికి లేచి పొలములపై మేటలు వేయును. అట్టిచోట ఫిల్టరును వారమునకొకమారు కాదు, పని ముగిసిన ప్రతిదినము విప్పి చూడవలయును. స్పాంజి ఫిల్టరును సబ్బునీటితో కడిగి, పిండి, నీడన ఆరబెట్టి, రెండు చుక్కల నూనె పట్టించి తిరిగి అమర్చవలయును. కొందఱు ఇంజను బలముగా నడచునని ఫిల్టరును తీసివేసి నడుపుదురు. ఆ బలము నాలుగు దినముల ముచ్చట. లోనికి పోయిన ఇసుక పిస్టను రింగులను ఆకురాయివలె అరగదీయును. అటుపై ఒత్తిడి నిలువదు; ఒత్తిడి లేని ఇంజనుకు ఏ మర త్రిప్పినను ప్రయోజనము సున్న.

ఒత్తిడిని పరీక్షించుటకు పరికరము లేనివారు ఒక ఉపాయము చేయుదురు. యంత్రమును ఖాళీచేసి, ఇంజను ఆపియున్నపుడు, త్రాడు పిడిని పట్టుకొని ఇంజనును మెల్లగా వ్రేలాడదీయుదురు. ఒత్తిడి బాగున్నచో అది తడవ తడవకు ఆగుచు నెమ్మదిగా దిగును. రింగులు అరిగినచో సరసర దిగిపోవును.

ఇక నూనె పాళ్ళు. కొన్ని ఇంజనులకు 25 పాళ్ళ పెట్రోలుకు ఒక పాలు నూనె, కొన్నిటికి 50 పాళ్ళకు ఒక పాలు అని వానితో వచ్చిన పుస్తకమున వ్రాసియుండును. మొదటి లెక్కన లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్లు, రెండవ లెక్కన 20 మిల్లీలీటర్లు. ఐదు లీటర్ల డబ్బాకు ఎంత కావలయునో మీరే గుణించుకొనగలరు. ఇంత తేలికైన లెక్కను చేయక పలువురు సీసామూతతో ఉజ్జాయింపుగా పోయుదురు. "నూనె కొంచెము ఎక్కువైనచో ఇంజనుకు మంచిదే గదా" యని సమాధానము చెప్పుకొందురు. ఇది పూర్తిగా నిజము కాదు. మితిమీరిన నూనె మండక ప్లగ్గుపైన, సైలెన్సరులోని జల్లెడపైన నల్లని గట్టు కట్టును. పొగ పోవుటకు త్రోవలేక ఇంజను ఉక్కిరిబిక్కిరియై ఆగును. ఇంకొక విచిత్రము: కార్బురేటరు రంధ్రము నుండి వచ్చు ద్రవము పరిమితమైనది, అందులో నూనె భాగము పెరిగినచో పెట్రోలు భాగము తగ్గును. మేలు చేయబోయి ఇంజనును ఆకలికి మాడ్చినట్లగును. నూనె సైతము టూ స్ట్రోకు ఇంజనుకై తయారైనదే కావలయును. ట్రాక్టరుకు వాడు నూనె ఇందులకు తగదు.

ప్లగ్గు ఇంజను నాలుకవంటిది. వైద్యుడు నాలుక చూచి వ్యాధిని ఊహించునట్లు మేస్త్రి ప్లగ్గు చూచి ఇంజను స్థితి చెప్పును. కొన పోకచెక్క రంగున పొడిగానున్నచో ఆరోగ్యము. నల్లగా, తడిగా, జిడ్డుగానున్నచో పెట్రోలో నూనెయో ఎక్కువైనది, లేదా రవ్వ బలహీనమైనది. సున్నము పూసినట్లు తెల్లగానున్నచో పెట్రోలు చాలక మితిమీరి వేడెక్కినది. ఇదియే భయపడవలసిన రంగు. రవ్వ దూకు సందు సాధారణముగా 0.6 మొదలు 0.7 మిల్లీమీటర్ల వఱకు ఉండవలయును. కొలత పనిముట్టు లేనిచోట ఇనుము కోయు రంపపు బ్లేడును ఆ సందున దూర్చి చూతురు. దాని మందము దాదాపు అంతియే. రవ్వను పరీక్షించునపుడు ప్లగ్గును టోపీతోసహా పట్టి దాని లోహభాగమును ఇంజను లోహమునకు ఆనించి త్రాడు లాగుదురు. సిలిండరు రంధ్రమునుండి పెట్రోలు ఆవిరి వెలువడుచుండును గనుక ప్లగ్గును దానికి దూరముగా నుంచవలయును. ఈ పనిని మీరు ఒంటరిగా చేయరాదు. పెద్దలు చేయుచుండగా చూచి నేర్చుకొనుడు. వేడిగానున్న ఇంజనులో పెట్రోలు పోయుట, మందు చల్లిన యంత్రమును కడుగక ముట్టుకొనుట గూడ మీకు నిషిద్ధములే.

అన్నియు చూచిన తరువాత కడపట మరల వంతు. కొన్ని కార్బురేటర్లకు రెండు సూదిమరలు, ఐడిలింగుకు వేఱొక మరయు ఉండును. ఎల్ అను అక్షరము గలది నిదానపు వేగమునకు, హెచ్ గలది అధిక వేగమునకు సంబంధించినవి. గడియారపు ముల్లు తిరుగు దిశగా త్రిప్పినచో పెట్రోలు తగ్గును. వ్యతిరేకముగా త్రిప్పినచో పెరుగును. యాక్సిలరేటరు వదలగానే ఆగు ఇంజనుకు ఐడిలింగు మరను, త్రిప్పగానే గుటకవేసి ఆగు ఇంజనుకు ఎల్ మరను, పూర్తివేగమున అరచునదానికి హెచ్ మరను సరిచూడవలయును. ఒకే తడవ రెండు మరలను త్రిప్పరాదు. త్రిప్పినచో గుణమో దోషమో ఏది దేనివలన కలిగెనో ఎవరును చెప్పలేరు. త్రిప్పు మేరయు ఒక చుట్టులో ఎనిమిదవ వంతు మించరాదు. ముందు మర ఎచట నుండెనో గుర్తు పెట్టుకొన్నవాడు తప్పిపోయినను ఇల్లు చేరగలడు.

బొమ్మకారు కార్బురేటరులో ఇంకొక విశేషము కలదు. కారు ఎగిరి తలక్రిందులైనను ఇంజను ఆగకుండుటకు అందులో తేలియాడు బుడ్డి బదులు సన్నని పొరను, డయాఫ్రమును, అమర్తురు. క్రాంకు కేసులోని ఒత్తిడి ఒక చిన్న రంధ్రముగుండ వచ్చి ఆ పొరను కొట్టుకొనునట్లు చేయగా పెట్రోలు ముందుకు నడచును. కార్బురేటరు విప్పి తిరిగి బిగించునపుడు నడుమనున్న అట్టను తిరగవేసి పెట్టినచో ఆ రంధ్రము మూసికొనిపోవును. అపుడు ప్లగ్గు క్రొత్తది, పెట్రోలు క్రొత్తది, ఇంజను మాత్రము మూగది! చెట్లు కోయు రంపములలో, కొన్ని స్ప్రేయర్లలో ఇట్టి కార్బురేటరే యుండును.

ఈ పొరకు పరమశత్రువు నిలువయున్న పెట్రోలు. మన జిల్లాలో వేరుసెనగ ప్రధానముగా ఒక్క ఋతువు పంట. చీనీతోటలున్నవారు తప్ప తక్కినవారు స్ప్రేయరును ఏడెనిమిది మాసములు మూలపడవేయుదురు. ట్యాంకులో మిగిలిన పెట్రోలు ఆవిరియై, నూనె జిగటగా కార్బురేటరు సన్నని దారులలో అంటుకొనును. నేడు మన బంకులలో అమ్ము పెట్రోలులో 20 శాతము వఱకు ఇథనాలు కలుపుచున్నారు. ఇథనాలు గాలిలోని తేమను పీల్చును. తేమ హెచ్చినచో అది పెట్రోలునుండి విడివడి నీటితోసహా అడుగునకు చేరును. పీల్చు గొట్టపు కొన ఉండునదియు అడుగుననే! ఆ పొరయు, గొట్టమును గట్టిపడుటకు ఇట్టి నిలువ ఇంధనమే తోడ్పడును. కావున కలిపిన పెట్రోలును ఒక మాసమునకు మించి వాడకపోవుట మంచిది. డబ్బాపై కలిపిన తేదీని, పాళ్ళను వ్రాసియుంచినచో మఱచిపోవు భయముండదు.

గార్లదిన్నె వద్ద కేంద్రప్రభుత్వము 1983 లో నెలకొల్పిన దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థ కలదు. యంత్రముల వాడుకను, మరమ్మతును అచట నేర్పుదురు. చదువు ముగించిన తరువాత ఆసక్తి గలవారు అచటికి పోయి ఈ విద్యను క్రమముగా అభ్యసింపవచ్చును.

పంట ముగిసిన పిదప చేయవలసిన పని కొలదియే. ట్యాంకులోని పెట్రోలును వంపివేసి, ఇంజనును నడిపించి, కార్బురేటరులో మిగిలినది సైతము ఖర్చై తనంతట ఆగునట్లు చేయవలయును. ప్లగ్గు విప్పి సిలిండరులో నాలుగు చుక్కల నూనె వేసి, త్రాడును రెండుమార్లు మెల్లగా లాగి, ప్లగ్గును తిరిగి బిగింపవలయును. ఎలుకలు గొట్టములను కొఱుకని చోట, గోనెసంచి కప్పి ఉంచవలయును. విత్తనపు కాయలు ఒలుచుకొను దినములలో, తొలిపదునుకు ముందే, క్రొత్త పెట్రోలు పోసి ఒకసారి నడిపి చూచుకొన్నచో, డయాఫ్రము గట్టిపడియున్నను, సీలు అరిగియున్నను పట్టణమునుండి తెప్పించుకొనుటకు వలసినంత వ్యవధి చిక్కును.